వరండాలో సింగిల్ లైన్

నా ఉద్యోగ జీవితమంతా మెడలో విజిల్‌తో గడిచింది. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగుల పిల్లలు చదివే ఒక బడిలో డ్రిల్లు మాస్టర్ని. నేను విజిల్ ఊదితే మైదానం నిండా ఉన్న పిల్లలు ఒక్కసారిగా కాళ్ళు దగ్గర పెట్టేవాళ్ళు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువగానే ఉండేది. దాన్ని దించడానికే కాబోలు, పంతొమ్మిది వందల అరవైల చివర్లో ఒక వేసవిలో మా హెడ్మాస్టరు నన్ను ఊళ్ళోనే ఝపటాపూర్‌లో ఉన్న ఒక చిన్న వృద్ధాశ్రమానికి పంపాడు. రిటైరైన రైల్వే ఆఫీసర్లు నలుగురు కమిటీగా చేరి దాన్ని నడిపేవారు.

"సెలవుల్లో గోల్‌బజార్ చుట్టూ తిరగడం తప్ప నీకు పనేముంది, పొద్దున్నే ఒక గంట వెళ్ళి ఆ ముసలాళ్ళ చేత కాస్త కాళ్ళూ చేతులూ ఆడించు" అన్నాడు. పిల్లల చేత చేయించేవాడికి పెద్దల చేత చేయించడం ఎంత పని అనుకున్నాను.

ఈ మధ్య కొందరు కుర్రవాళ్ళు, అమ్మాయిలు మా ఇంటికి వచ్చి ఆ రోజుల గురించి అడుగుతున్నారు. వాళ్ళది ఇదే పని. రంగు బెలూన్లు, మెత్తటి బంతులు, పాటల పెట్టె పట్టుకుని ముసలివాళ్ళ దగ్గరకు వెళతారు. డిమెన్షియా అని చక్కగా పేరు చెబుతారు. మా కాలంలో దానికి పేరేమిటో మాకు తెలియదు. మతి పోయింది అనేవాళ్ళం, అక్కడితో ఊరుకునేవాళ్ళం. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. బెలూన్ల గురించి నాకు తెలియదు కాబట్టి తెలిసింది చెబుతాను.

ఆశ్రమం అంటే పాతకాలపు బంగళా. ఎర్రగచ్చు వేసిన పొడుగు వరండా, దాని ముందు పూలకుండీలు, అవతల గేటు. దాన్ని నడిపే మేట్రన్‌గారిది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. తెల్లచీర, నడుముకు తాళాలగుత్తి. నవ్వడం ఆవిడ డ్యూటీలో లేదు.

"మాస్టారూ, ఇక్కడ ఎవరైనా కింద పడితే జవాబు చెప్పుకోవాల్సింది నేనండీ, మీరు కాదు. అది గుర్తు పెట్టుకుని ఏ ఆటైనా ఆడించుకోండి" అంది మొదటి మాటగా.

వరండాలో ఓ అరడజను మంది కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ముగ్గురిని మీరు గుర్తుంచుకుంటే చాలు. మొదటివాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ డ్రైవరు. బొగ్గు ఇంజన్లు నడిపినవాడు, పొడుగాటి మనిషి. ఎవరినీ గుర్తుపట్టడు, పలకరిస్తే మన భుజం మీదుగా దూరంగా చూస్తాడు. రెండోవాడు గుండ్రటి బెంగాలీ గార్డుబాబు. ఆయనకు పొద్దున తిన్న లూచీ పూరీ మధ్యాహ్నానికి గుర్తుండదు. డ్రైవర్లంటే మటుకు నమ్మకం లేదన్న సంగతి గుర్తుంది. మూడో మనిషి ముతక చీర కట్టుకున్న ముసలమ్మ, వర్క్‌షాపులో పనిచేసిన ఒక ఫిట్టరు భార్య. నడుము వంగిపోయి, ఒడిలో చేతులు పెట్టుకుని, లేని వేరుశెనక్కాయలు రోజంతా ఒలుస్తూ ఉండేది.

నేను వాళ్ళ ముందు నిటారుగా నిలబడి, ఛాతీ విరుచుకుని విజిల్ ఊదాను.

రైల్వే ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాత్రం ఆలోచించి ఉండాల్సింది. విజిల్ వినగానే గార్డుబాబు ముఖం ఎర్రబడింది. "కే బాజాలో?" అన్నాడు. ఎవడు ఊదాడు అని. ఆయన బండికి ఆయన కాక ఇంకొకడు విజిల్ ఊదడం ఆయన సర్వీసులో జరగని పని. భుజం మీది తువ్వాలు తీసి ఊపుకుంటూ వరండా ఆ చివరకు, అంటే బండి చివర తన గార్డు పెట్టె ఉండాల్సిన చోటికి బయల్దేరాడు. అటు తువ్వాలు ఊగడం చూసిన డ్రైవరు తాత లేచి ఇటు గేటువైపు నడిచాడు. గార్డు విజిల్ వేశాడు, జెండా ఊపాడు, ఇంకా కదలకుండా ఉంటే అతనేం డ్రైవరు? ముసలమ్మ చెవులు మూసుకుని ఏడుపు మొదలుపెట్టింది. నేను ఎవరి వెనక పరిగెత్తాలో తెలియక మధ్యలో నిలబడిపోయాను.

మేట్రన్‌గారు ఇద్దరినీ వెనక్కి తెచ్చి కూర్చోబెట్టింది. తర్వాత నా దగ్గరకు వచ్చి, నా మెడలోంచి విజిల్ తీసి మందుల బీరువాలో పెట్టి తాళం వేసింది. నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ నా విజిల్ జులాబు మందు సీసా పక్కనే ఉంది.

తర్వాత రబ్బరు బంతి తెచ్చాను. గార్డుబాబుకు వేస్తే అది పక్కనుంచి వెళ్ళిపోవడాన్ని స్టేషన్‌లో ఆగని మెయిల్‌ను చూసినట్టు చూశాడు. ముసలమ్మకు వేస్తే చటుక్కున పట్టుకుని కొంగు కింద దాచేసింది. "మా మనవడికి" అంది. ఆ మనవడికి అప్పటికే మీసాలున్నాయి. బడి నుంచి తెచ్చిన బంతులన్నీ అలా ఆ కొంగులోకే వెళ్ళాయి. నా గంట అయ్యేసరికి నాకు చెమటలు పట్టేవి, వాళ్ళు మాత్రం హాయిగా కూర్చుని ఉండేవారు.

నవ్వులాటగా చెబుతున్నాను కానీ, అక్కడ నవ్వలేని సంగతి ఒకటుంది. డ్రైవరు తాత ఉన్నట్టుండి లేచి నడిచేవాడు. మోకాళ్ళలో బలం లేదు, కాళ్ళు వణికేవి, కానీ నడక ఆపడు. ఇంట్లో ఉన్నప్పుడు అలాగే నడుచుకుంటూ యార్డులో పట్టాల మీదకు వెళ్ళాడట. అందుకే ఇక్కడ చేర్చారు. ఇక్కడికి వచ్చాక కూడా వరండా మెట్ల మీద పడి నుదురు చిట్లింది. ఇంకోసారి పడితే మంచానికి కట్టేయడం తప్ప తనకు దారి లేదని మేట్రన్‌గారు అంది. ఆవిడ దుర్మార్గురాలు కాదు. ఆ రోజుల్లో అంతటా అదే చేసేవారు. దానికి జాగ్రత్త అని పేరు.

నా గంట అయ్యాక కూడా నేను అక్కడే ఉండిపోయేవాణ్ణి. తాత భార్య రోజూ మధ్యాహ్నం కేరియర్‌తో వచ్చేది. సన్నగా, చిన్నగా ఉండే మనిషి. అల్లుడి క్వార్టర్స్ నుంచి ఎండలో నడిచి వచ్చి ఆయనకు ముద్దలు కలిపి పెట్టేది. ఆయన ఆవిణ్ణి గుర్తుపట్టడు. "ఎవులమ్మా నువ్వు, మంచి కూర తెచ్చినావు" అనేవాడు. "వంటమనిసిని బాబూ, తినండి" అనేది ఆవిడ. నొచ్చుకోవడం ఎప్పుడో మానేసింది.

కట్టేసే మాట విన్న రోజున మాత్రం మేట్రన్‌గారి ముందు చేతులు జోడించింది.

"కట్టీకండమ్మా. ఇంజను మీద నిలబడ్డ మనిసి. కట్టీస్తే మరి లెగడు. నాకు తెలుసు."

"నాకు మాత్రం సరదానా అమ్మా? తల పగిలితే ఎవరు చూస్తారు?" అంది మేట్రన్‌గారు. ఇద్దరి మాటా నిజమే. పిల్లల డ్రిల్లులో ఇటువంటివి ఉండవు.

ఆ మర్నాడు నేను బడి నుంచి ఒక బెత్తపు రింగు పట్టుకెళ్ళాను. ఆడపిల్లలు వార్షికోత్సవంలో చేతులెత్తి తిప్పుతారు చూడండి, అలాంటిది. దాంతో ఏం చేయించాలో నాకే తెలియదు. చేత్తో ముందుకు చాచి పట్టుకుని కుర్చీల ముందు నుంచి నడుస్తున్నాను. డ్రైవరు తాత ముందుకు వచ్చేసరికి, ఎప్పుడూ ఒళ్ళో పడి ఉండే ఆయన ఎడమచెయ్యి జివ్వున లేచింది. పిడికిలి రింగులో దూరింది. రింగు మోచేతి దాకా జారింది, అక్కణ్ణుంచి భుజానికెక్కింది. నేను కళ్ళార్పేలోగా అయిపోయింది.

రైల్వే తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. సింగిల్ లైన్ మీద ఎదురుబొదురుగా రెండు బళ్ళు రాకుండా ఒక పద్ధతి ఉండేది. స్టేషన్‌లో డ్రైవరు చేతికి టోకెన్ అందితేనే బండి ముందుకు వెళ్ళాలి. పెద్ద బెత్తపు రింగుకు తోలుసంచీ, అందులో టోకెన్. ప్లాట్‌ఫారం మీద మనిషి రింగు చాచి నిలబడితే, నడుస్తున్న ఇంజన్ మీంచి చెయ్యి దూర్చి లాక్కోవాలి. మా తాత చెయ్యి జన్మంతా చేసిన పని అది. బుర్ర మరిచిపోయినా ఆ చెయ్యి మరవలేదు.

నాకు కాలు నిలవలేదు. "చూశారా మేడమ్, భుజం ఎంత బాగా లేచిందో" అని మేట్రన్‌గారికి చెప్పడానికి లోపలికి వెళ్ళాను. ఇద్దరం బయటికి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. గేటు తీసి ఉంది.

టోకెన్ చేతికిచ్చింది నేనే. ఇక బండి ఎందుకాగుతుంది?

ఊరంతా వెతికాం. ఆయన గోల్‌బజార్‌లో దొరికాడు. భుజాన రింగుతో, తల ఎత్తుకుని, నడిరోడ్డు మీద నడుచుకుంటూ వెళ్ళాడట. ఒక్కడూ ఆపలేదు. అలా నడిచే మనిషిని ఎవరూ ఆపరు, ఏదో ఇన్‌స్పెక్షన్ అనుకుంటారు. రిక్షాలు పక్కకు తప్పుకున్నాయి. చేపల వరసలో నిలబడి "లైన్ క్లియరా?" అని అడిగితే, చేపలమ్మే బెంగాలీ ఒకడు భయపడి తన తట్టలు వెనక్కి జరుపుకుని పీట వేసి కూర్చోబెట్టాడు. మాకు తెలిసిన రిక్షావాడు చూసి ఎక్కించుకుని తెచ్చాడు.

రిక్షా గేటు ముందు ఆగింది కానీ తాత దిగడు. నేను బతిమాలాను. మేట్రన్‌గారు గద్దించింది. రింగు చేత్తో చాచి పట్టుకుని, మా ఇద్దరినీ చూడకుండా అలాగే కూర్చున్నాడు. అప్పుడే కేరియర్‌తో ఆయన భార్య వచ్చింది. ఒక్క క్షణం చూసి, కేరియర్ కింద పెట్టి, రిక్షా పక్కన నిలబడి చెయ్యి చాచింది. ఆయన రింగు ఆ చేతికి తగిలించాడు. తగిలించి, నిట్టూర్చి, బుద్ధిగా దిగి లోపలికి నడిచాడు.

"మాస్టారు బాబూ" అంది ఆవిడ నాతో, "టోకెను ఇచ్చీసి ఊరుకుంటే ఎలాగ? తీసుకోడానికి అవతల మనిసుండాల కదేటి. ఎవులూ తీసుకోకపోతే ఆయన ఎల్తానే ఉంటారు."

మేట్రన్‌గారు లోపలికి వెళ్ళి పాత దుప్పటి ఒకటి తీసి పట్టీలుగా చింపడం మొదలుపెట్టింది. వచ్చే ఆదివారం కమిటీ ప్రెసిడెంటుగారు చూడ్డానికి వస్తారు, ఆయన అనుమతి అడిగి తాతను కట్టేస్తానంది. చర్రు చర్రు మని ఆ గుడ్డ చిరిగే చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నన్ను తిట్టి ఉంటే అంత బాధగా ఉండేది కాదు.

అంటే ఆదివారం దాకా గడువు. తాత భార్య చెప్పిన మాట పట్టుకుని నేను కుర్చీలు సర్దాను. కాళ్ళు కదలని, చేతులున్న బరువైన కుర్చీలు ఏరి, వీపులు గోడకు ఆనేలా పక్కపక్కనే వేశాను. ఒక్కో కుర్చీ ఒక్కో స్టేషన్. వదులు చెప్పులు విప్పించి, గచ్చు తడి లేకుండా తుడిపించి, అందరికీ మంచినీళ్ళు ఇచ్చాకే బండి బయల్దేరేది. రింగు ఇచ్చేవాడు పక్కవాడి కళ్ళలోకి చూడాలి, పక్కవాడు చెయ్యి చాచేదాకా ఆగాలి. లాగకూడదు, తొందరపెట్టకూడదు. ఎవరికైనా ఇష్టం లేకపోతే ఆ స్టేషన్‌లో బండి ఆగదు, నేను రింగును వాళ్ళ ముందు నుంచి దాటించేవాణ్ణి. ఒక్కరు ఆవులించినా ఆ పూటకు బండి షెడ్డుకే.

డ్రైవరు తాత రింగు తీసుకునేవాడు, భుజానికెత్తేవాడు, ఒక నిమిషం కూర్చున్నచోటే మనసులో ఎక్కడెక్కడో తిరిగి వచ్చి పక్క కుర్చీకి చాచేవాడు. అవతలి చెయ్యి అందుకుందంటే ఆయన పని అయిపోయినట్టే. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చునేవాడు. ఎప్పుడైనా లేవబోతే, వరస చివరి కుర్చీలోంచి గార్డుబాబు, "లైన్ క్లియర్ నేయ్, దాదా. బొషున్" అనేవాడు. ముందు దారి ఖాళీ లేదు అన్నా, కూర్చోండి అని. మేం పదిసార్లు చెప్పినా వినని మనిషి ఆ మాటకు మాత్రం కూర్చునేవాడు. గొణుక్కుంటూ అయినా సరే.

ముసలమ్మ దగ్గర ఇంకో వింత జరిగింది. రింగు ఒళ్ళోకి రాగానే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "సుట్టకుదురు పెద్దదైపోనాది" అంటూ రెండు చేతులతో ఎత్తి నెత్తి మీద పెట్టుకుంది. నీళ్ళ బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు అనుకుంది పాపం. బిందె తొణకకూడదు కదా, ఆ వంగిన నడుము కాస్త కాస్త నిటారైంది. ఆవిడ చేతులు భుజాల పైకి లేవవని డాక్టరు చెప్పి ఉన్నాడు. మేట్రన్‌గారు గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్ళిపోయింది. పిల్లలూ, మీరు ఏ ఆటైనా తీసుకెళ్ళండి, దాన్ని ఏమని పిలవాలో వాళ్ళను చెప్పనివ్వండి. నేను దాన్ని డ్రిల్లు అన్నంతకాలం ఒక్క చెయ్యి లేవలేదు.

ఆదివారం ప్రెసిడెంటుగారు వచ్చారు. ట్రాఫిక్ డిపార్ట్‌మెంటులో పెద్ద ఆఫీసరుగా రిటైరైన మనిషి. మెరిసే బూట్లు, చేతిలో గొడుగు, ఎప్పుడూ ఎక్కడికో వెళ్ళాల్సిన తొందర. మేట్రన్‌గారి చేతిలో పట్టీలు మడతపెట్టి సిద్ధంగా ఉన్నాయి. తాత భార్య ఆ రోజు పొద్దున్నే వచ్చి స్తంభం పక్కన నిలబడింది.

"మీ ఆటేమిటో చూపించండి, పది నిమిషాల్లో నేను వెళ్ళాలి" అంటూ ప్రెసిడెంటుగారు ఖాళీగా కనిపించిన కుర్చీలో కూర్చున్నారు. అది డ్రైవరు తాతకూ గార్డుబాబుకూ మధ్య కుర్చీ. నేను నోరు తెరిచేలోపే ముసలమ్మ చేతిలోంచి రింగు తాతకు వెళ్ళిపోయింది.

తాత భుజానికెత్తుకున్నాడు, మనసులో తిరిగి వచ్చాడు, ప్రెసిడెంటుగారి వైపు చాచాడు.

ఆయన నవ్వి, వద్దన్నట్టు చెయ్యి ఊపారు. "నేను చూడ్డానికి వచ్చాను."

"పట్టండి" అన్నాడు తాత.

"వంటిల్లు ఎటువైపు?" అంటూ ప్రెసిడెంటుగారు లేవబోయారు.

"బొషున్" అన్నాడు అవతలి నుంచి గార్డుబాబు. గొంతు పెంచలేదు. అయినా ఆ గొంతులో ఏముందో, అంత ఆఫీసరూ టక్కున కూర్చున్నారు.

తాత చెయ్యి చాచే ఉంది. ఇంకాసేపు ఎవరూ తీసుకోకపోతే ఆయన లేస్తాడు, లేచి గేటువైపు నడుస్తాడు, ప్రెసిడెంటుగారి కళ్ళ ముందే పడతాడు. స్తంభం దగ్గర తాత భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తీసుకోండి సార్" అన్నాను. బతిమాలినట్టు కాదు, పిల్లల మీద అరిచే గొంతే వచ్చేసింది.

ఆయన గొడుగు పట్టుకున్న చేత్తోనే రెండు వేళ్ళతో రింగు అందుకోబోయారు. తాత రింగు వెనక్కి తీసుకున్నాడు. గొడుగుతో టోకెన్ తీసుకుంటారా ఎవరైనా? ప్రెసిడెంటుగారు నా వైపు చూశారు, మేట్రన్‌గారి వైపు చూశారు, చివరికి గొడుగు కింద పెట్టి, చెయ్యి సరిగ్గా చాచారు. రింగు ఆ చేతికెక్కింది. తాత నిట్టూర్చి, వెనక్కి వాలి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

ఇప్పుడు రింగుతో ఏం చెయ్యాలో ప్రెసిడెంటుగారికి తెలియలేదు. కింద పెట్టబోతే వరసంతా గొల్లుమంది. ముసలమ్మ కూడా "కింద ఎట్టకు బాబూ, మైలైపోద్ది" అంది. ఆయన హడావిడిగా పక్కకు తిరిగి గార్డుబాబుకు అందించారు. గార్డుబాబు రింగును తిప్పి చూసి, లేని గడియారాన్ని మణికట్టు మీద చూసుకుని, ఆయన ముఖంలోకి చూసి ఒకే మాట అన్నాడు.

"లేట్."

సర్వీసు పొడుగునా ఎంతమందికి ఆ మాట రాసి పంపి ఉంటారో ఆ ఆఫీసరు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ లేచారు. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి.

వెళ్ళబోతూ మేట్రన్‌గారి చేతిలో గుడ్డపట్టీలు చూశారు. "అవేమిటి?" అన్నారు.

మేట్రన్‌గారు డ్రైవరు తాత వైపు చూసింది. ఆయన కూర్చునే ఉన్నాడు.

"రింగుకు చుట్టడానికండి" అంది ఆవిడ. "బెత్తం పెచ్చులు లేచి చేతులకు గీరుకుంటోంది. వీళ్ళ చర్మం పలచన కదండీ, మెత్తగా ఉంటుందని."

"మంచి ఆలోచన" అన్నారు ప్రెసిడెంటుగారు. ఆవిడ ఆ పట్టీలు నా చేతిలో పెట్టి, తాళాలగుత్తి మోగించుకుంటూ వంటింటివైపు వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నేను ఆవిడ ముందు కుర్చీలో కూర్చుని ఎరగను.

ఆ మధ్యాహ్నం తాత భార్యా నేనూ వరండాలో కూర్చుని రింగు చుట్టూ పట్టీలు బిగించి చుట్టాం. చుట్టడం అయ్యాక ఆవిడ కొసలు పళ్ళతో కొరికి ముడివేసింది.

మర్నాడు డ్రైవరు తాత రింగు అందుకుని, ముఖం చిట్లించి వేళ్ళతో నొక్కి చూశాడు.

"టోకెను మార్చీసినారేటి?"

"మార్చినారు తాతా" అన్నాను.

"నన్నడగనేదు" అన్నాడు. అయినా భుజానికెత్తుకున్నాడు.

ఆ రోజు పక్క కుర్చీలో ఆయన భార్యను కూర్చోబెట్టాను. ఆయన తిరిగి వచ్చి రింగు చాచాడు. ఆవిడ చెయ్యి చాచింది. ఆవిడెవరో ఆయనకు తెలియదు, అది ముఖంలోనే తెలుస్తోంది. అయినా రింగు తగిలించి, మిగతావాళ్ళెవరికీ చెప్పని మాట ఒకటి చెప్పాడు.

"జాగర్తమ్మా. సింగిల్ లైను."

"నానున్నాను కదా" అంది ఆవిడ. "మీరు కూకోండి."

ఆయన కూర్చున్నాడు.